రాహుకాలం దాటగానే పడిపోయే నెట్‌వర్కు

ముప్పై నిండకుండానే కంప్యూటరు ఉద్యోగం నుంచి రిటైరైనవాణ్ణి నేను. సన్మానం జరగలేదు. శాలువా కప్పలేదు. ప్రస్తుతం జగ్గయ్యపేటలో మా చిన్నాన్న సిమెంటు ఏజెన్సీలో కూర్చుని, బస్తాలు తడవకుండా చూసుకునే బాధ్యతాయుతమైన పదవిలో ఉన్నాను. అయినా మా వీధిలో ఇంజనీరింగు చదివే పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి, "అన్నా, నువ్వు క్లౌడ్‌లో చేసావంట గదా, ఎట్టా ఉంటదన్నా?" అని అడుగుతుంటారు. చంద్రుడి మీద దిగి వచ్చినవాణ్ణి అడిగినట్టు అడుగుతారు. మీరూ వాళ్ల ఈడువాళ్లే అయితే ముందే చెబుతున్నాను. మా క్లౌడు నందిగామలో ఒక ఎరువుల కొట్టు పైన, మొదటి అంతస్తులో ఉండేది. మెట్లెక్కి చెప్పులు బయట విప్పి లోపలికి రావాలి. కింద నుంచి యూరియా వాసన వచ్చేది.

అందులో ముగ్గురం. మా సారు, మా సీనియరు, నేను.

సారు వ్యాపారస్తుల కుటుంబం. వాళ్ల నాన్నగారిది పప్పుల హోల్‌సేలు. ఈయనకి కంప్యూటర్ల పిచ్చి పట్టి, ఊళ్లో షావుకార్లందరి బిల్లింగులూ తన దగ్గర పెట్టుకుని నడిపిస్తానని ఈ గది తెరిచారు. ఒక డిగ్రీ కాలేజీ ఫీజుల కౌంటరు, రక్తపరీక్షల ల్యాబు, పురుగుమందుల డీలర్లు, మిర్చి వ్యాపారులు, అందరి పనీ మా గదిలోని పెద్ద మిషన్ల మీదే నడిచేది. ఒక్కో పెద్ద మిషనులో చాలా ఉత్తుత్తి మిషన్లు ఉంటాయి. వాటినే వర్చువల్ మిషన్లు అంటారు. ఎవరి మిషను వాళ్లకి సొంత ఇల్లులాగే కనబడుతుంది. పక్కవాటాలో ఎవరున్నారో తెలియదు. ఈ వాటాలన్నిటికీ వచ్చే సమాచారాన్ని, పోయే సమాచారాన్ని తీసుకుని అందించే సాఫ్ట్‌వేరు ఒకటుంటుంది. దాన్ని వర్చువల్ స్విచ్చి అంటారు. దేశదేశాల వాళ్లు కలిసి రాసి ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేరు అది. ఊరికే వచ్చింది కాబట్టే మా సారుకి దాని మీద అంత గౌరవం. సాంకేతికం ఇంతే. ఇంతకన్నా చెబితే నాకూ సరిగా రాదని బయటపడుతుంది.

అది తెలిసిన మనిషి మా సీనియరు. నాకంటే రెండేళ్లు పెద్దది. ఆమెదీ జగ్గయ్యపేటే. పొద్దున్నే ఒకే బస్సులో నందిగామ వెళ్లేవాళ్లం, సాయంత్రం ఒకే బస్సులో తిరిగొచ్చేవాళ్లం. ఆమె నన్ను నువ్వనేది, నేను మీరనేవాణ్ణి. ఆ ఏర్పాటు మొదటిరోజే కుదిరిపోయింది. తర్వాత మార్చే ధైర్యం ఎవరికీ కలగలేదు. ఎవరికీ అంటే నాకు.

బస్సులో ఆమె చెప్పే కబుర్లన్నీ ఒకచోటికే చేరేవి. "ఇక్కడ ఎన్నేళ్లు చేసినా మనం ఉన్నామని ఎవడికీ తెలీదు. నిజంగా గట్టిది ఒక్కటి పట్టుకోవాలి. ఒక్కటంటే ఒక్కటి. అప్పుడు వాళ్లే పిలుస్తారు. పోతా."

"ఎక్కడికండీ?"

"ఎక్కడికైనా. ఇంత పెద్ద సాఫ్ట్‌వేరు రాసేవాళ్లు కూర్చునే చోటికి."

"అక్కడ కింద యూరియా ఉండదండీ. మీకు ఊపిరాడదు."

ఆమె నవ్వేది. నేను ఉద్యోగం చేసింది ఆ నవ్వు కోసమేనని ఇప్పుడు రాస్తే మీకు సినిమాలాగా ఉంటుంది. జీతం కూడా ఇచ్చేవారు.

ఆ ఏడు దసరాకి సారు ఆఫరు పెట్టారు. కొత్త కస్టమర్లు గుంపుగా వచ్చి చేరారు. చేరిన కొద్దిరోజులకే జబ్బు మొదలైంది. రోజుకొకసారి, ఉన్నట్టుండి, ఒక పెద్ద మిషనులో ఉన్న వాటాలన్నిటికీ ఒకేసారి నెట్‌వర్కు పోయేది. మిషను పనిచేస్తూనే ఉండేది. లోపలివాళ్లకి మాత్రం బయటి ప్రపంచంతో మాటల్లేవు. స్విచ్చిని ఆపి మళ్లీ మొదలుపెడితే బాగయ్యేది. మర్నాడు మళ్లీ పడేది. పోనీ ఒక టైముకి పడుతుందా అంటే అదీ లేదు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి పడితే శుక్రవారం మిట్టమధ్యాహ్నం పడేది. గురువారం మధ్యాహ్నం టీ తాగే వేళకి. ల్యాబువాళ్లు ఫోను చేసి, "రిపోర్టులు రాక పేషెంట్లు మా మీద పడుతున్నారండీ, మా రక్తం కూడా తీసేట్టున్నారు" అనేవారు. ఇలాగే ఉంటే సంక్రాంతిలోపు హైదరాబాదు కంపెనీకి మారిపోతామని కాలేజీవాళ్లు చెప్పేశారు.

మేము ఏసీని అనుమానించాం. కరెంటుని అనుమానించాం. చివరికి సారు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించారు. ఆ రోజు కూడా పడింది.

అప్పుడు నేను ఒక సంగతి గమనించాను, పైకి చెప్పలేదు. సారు గడపలో అడుగుపెట్టగానే పడుతోంది. నిజం. ఆయన చెప్పులు విప్పి, గోడకున్న దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని ఇటు తిరిగేలోపల ఫోన్లు మోగుతాయి. ఒకరోజు కాదు, రోజూ. కొన్నాళ్లకి సారూ గమనించారు. పాపం, కుడికాలు ముందు పెట్టి చూశారు. వెనక మెట్ల మీద నుంచి వచ్చి చూశారు. మనిషి కుంగిపోయారు. "నా పాదం మంచిది కాదంటావా అబ్బాయ్?" అని నన్నే అడిగారు.

"అదేం లేదండీ. ఒకసారి చేతుల మీద నడిచొచ్చి చూడండి సార్."

మా సీనియరు కంప్యూటరు వెనక తల దాచుకుంది.

ఒక శుక్రవారం సారు అసలు రాలేదు. ఇంట్లోనే కూర్చుని మధ్యాహ్నం ఫోను చేశారు. "పడిందా?"

"పడిందండీ, ఇప్పుడే."

"నేను రాలేదుగా! అయినా పడిందిగా!" అని అంత సంతోషంగా అరిచిన యజమానిని నేను మళ్లీ చూడలేదు. తన వ్యాపారం మునుగుతోందని విని ఆయన ఆ రోజు స్వీట్లు పట్టుకొచ్చారు.

జాంగ్రీలు తింటుంటే మా సీనియరు అడిగింది. "సార్, అసలు మీరు రోజూ ఒక్కో టైముకి ఎందుకొస్తారండీ?"

"రాహుకాలంలో గడప దాటనమ్మా. అది పొద్దునపూట వస్తే, అయ్యాక బయల్దేరతా. మధ్యాహ్నం వస్తే భోజనానికెళ్లి, అది అయ్యాకే మళ్లీ వస్తా." అని, ఒక్కసారి ఆగి, జాంగ్రీ చేత్తోనే గోడ మీది క్యాలెండరు చూపించారు. "అదీ సంగతి! నా పాదం కాదు. రాహువే. చెప్తే వినరు, చదువుకున్నవాళ్లు."

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. క్యాలెండరు ముందుకెళ్లి నిలబడి ఒక్కో వారం చూసి వచ్చింది.

"రాహుకాలంలో ఒక్కసారి కూడా పడలేదు సార్. అయిపోయాకే పడుతోంది. రాహువైతే ఉన్నప్పుడు పడగొట్టాలి గానీ, వెళ్లిపోయాక ఎందుకు పడగొడతాడు? మీలాగే అది అయ్యేదాకా ఆగి, అప్పుడు ఏదో మొదలుపెట్టేవాళ్లు మన కస్టమర్లలో ఉన్నారు."

"మన కస్టమర్లంతా షావుకార్లేనమ్మా. అందరూ చూసుకుంటారు."

"కొత్త పని మొదలుపెట్టకపోవడం వేరండీ. నడుస్తున్న పని కూడా ఆపేసి, అది అయ్యాక మళ్లీ తెరిచేవాళ్లు ఎవరున్నారు?"

సారు నోట్లో జాంగ్రీ అలాగే ఉండిపోయింది. "మా బావగారు" అన్నారు.

బావగారిది నందిగామ దాటాక హైవే పక్కన పత్తి జిన్నింగు మిల్లు. సీజన్లో రేయింబవళ్లు లారీలు వస్తాయి. వచ్చిన ప్రతి లారీని కాటా మీద తూయాలి. ఆ కాటా లెక్కలు చూసే ప్రోగ్రాము దసరాకే మా మిషనులోకి మారింది. ఎప్పుడో ఎవరో రాసిన పాత ప్రోగ్రాము అది. రాసినవాడు ఎక్కడున్నాడో తెలియదు.

మర్నాడు నేను మిల్లుకి వెళ్లాను. ఆమె ఆఫీసులో, చెవి దగ్గర ఫోను పెట్టుకుని మిషను ముందు. మిల్లులో కాటా గదిలో కూర్చునే గుమాస్తాగారు పెద్దాయన. రాహుకాలం రాగానే స్క్రీను మీద ప్రోగ్రాము మూసేసి, మౌసు మీద చిన్న గుడ్డ కప్పి, బయట మంచం మీదికి వెళ్లి కూర్చున్నారు. లారీలు వరసగా ఆగిపోయాయి. డ్రైవర్లు అలవాటుపడ్డట్టున్నారు, దిగి టీలకి వెళ్లారు.

"రోజూ ఇంతేనా అండీ?"

"మరి? రాహుకాలంలో కాటా తెరిచుంటే తూకం నిలవదు బాబూ. మా షావుకారి తాతగారి నాటి నుంచీ ఇంతే. అప్పుడు రాళ్ల కాటాకి గోనెసంచి కప్పేవాళ్లం, ఇప్పుడు దీనికి ఈ గుడ్డ."

"రాత్రుళ్లు మూస్తారా?"

"ఎందుకు మూస్తాం? రాత్రి రాహుకాలం లేదుగా."

టైము అయ్యింది. గుమాస్తాగారు వచ్చి గుడ్డ తీశారు. ఒక అగరొత్తి వెలిగించారు. నేను ఫోనులో, "తెరుస్తున్నారండీ" అన్నాను.

"ఆగమను, ఆగమను... ఆఁ, తెరవమను."

ఆయన కళ్లకద్దుకుని మౌసు నొక్కారు. కాటా ఎక్కడుందో వెతుకుతున్నట్టు స్క్రీను మీద చిన్న గడియారం తిరిగింది. ఫోనులో కీబోర్డు టకటకలు. తర్వాత, "పడిందిరా! పడిపోయింది!" అని ఆమె కేక. వెనక ఆఫీసు ఫోన్లన్నీ మోగుతున్నాయి. కస్టమర్లందరూ తిడుతుంటే ఆమె పగలబడి నవ్వుతోంది. నన్ను రా అనడం అదే మొదటిసారి. పక్కన లారీ హారన్లు కొడుతున్నా ఆ నవ్వు నాకు స్పష్టంగా వినిపించింది. ఇంకా ఏదో చెబుతోంది, అవేమీ వినిపించలేదు.

సంగతేంటంటే, కాటా ప్రోగ్రాము తెరవగానే 'నా కాటా ఎక్కడ' అని నెట్‌వర్కంతా ఒక కేక పెడుతుంది. ఆ కేకలో చిన్న చిన్న ముక్కలుంటాయి. ప్రతి ముక్కా తన పొడవెంతో ముందే చెబుతుంది. అంత జరిగి తర్వాతి ముక్క చదవాలని స్విచ్చికి నేర్పారు. ఈ పాత ప్రోగ్రాము ఒక ముక్కకి పొడవు సున్నా అని రాసి పంపేది. సున్నా జరిగితే ఉన్నచోటే ఉంటాం కదా. స్విచ్చి ఆ ముక్కనే చదివి, సున్నా జరిగి, మళ్లీ దాన్నే చదివి, అలా తిరుగుతూనే ఉండేది. ఈలోపు మిగతావాళ్ల పనంతా దాని వెనక నిలబడిపోయేది. ప్రభుత్వాఫీసు కౌంటర్లో ఒకాయన సందేహం తీరకపోతే క్యూ ఎలా ఆగుతుందో అలా.

సారు వెంటనే బావగారికి ఫోను చేశారు. మా ముందే, స్పీకర్లో. "బావా, రాహుకాలంలో ఆ కాటా ప్రోగ్రామ్ మూయొద్దని చెప్పు. అలా తెరిచి ఉంచితే చాలు, అంతా సరిపోద్ది."

"ఏంటీ? రాహుకాలంలో కాటా తెరిచి ఉంచమంటావా? మా చెల్లెల్ని నీకిచ్చింది కూడా ముహూర్తం చూసేనయ్యా. అయినా ఇట్టా తగలడింది."

అక్కడితో ఆ మార్గం మూసుకుపోయింది. అందుకని, మిల్లు వాటా నుంచి అలాంటి కేక వస్తే దార్లోనే ఆపేలా మా సీనియరు ఒక కట్టడి పెట్టింది. మర్నాడు పడలేదు. ఆ మర్నాడూ పడలేదు. సారు గుమ్మడికాయకి పసుపు రాయించారు. విజయం దాని ఖాతాలో పడింది.

కథ ఇక్కడ ముగియాలి. అందరం సుఖంగా ఉన్నాం. ఆమె ఒక్కతే లేదు.

"ఇది మన మిల్లు గొడవ కాదు సార్. ఆ స్విచ్చిలోనే లోపం ఉంది. ప్రపంచంలో ఎన్నిచోట్ల ఇది వాడుతున్నారో. ఎక్కడో ఒక ఆస్పత్రి ఇలాంటి మిషనులోనే ఒక వాటాలో ఉంటుంది. పక్కవాటా అద్దెకి తీసుకుని ఎవడైనా కావాలని ఈ ఒక్క ముక్క పంపితే చాలు, ఆస్పత్రి ఆగిపోద్ది. రాసినవాళ్లకి చెప్పాలి. రహస్యంగానే చెప్పొచ్చు, దానికో పద్ధతుంది. వాళ్లు బాగుచేసాకే బయటపెడతారు."

"బయటపెడతారుగా ఎప్పటికైనా! మన పేరుతోనేగా! అక్కడ ఒకడు తుమ్మితే అందరికీ నెట్టు పోద్దంట అని ఊరంతా అనుకుంటే? వద్దమ్మా. మనకి బాగయ్యింది, చాలు."

ఆమె వాదించలేదు. బస్సులో నా పక్కనే కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. ఒక రోజంటే అర్థం చేసుకుంటాం. అది రోజులైంది. నేను జోకులేశాను. మంచివి కూడా వేశాను. మర్యాదకి పెదవి కదిపేది. జగ్గయ్యపేట నుంచి నందిగామ ఇంత దూరమా అని నాకు మొదటిసారి అనిపించింది.

ఇక్కడ నా లెక్క మీకు చెప్పాలి. లెక్క చాలా సులువు. స్విచ్చి రాసినవాళ్లకి మెయిలు వెళ్లకపోతే ఆమె ఇక్కడే ఉంటుంది, ఇలాగే, కిటికీలోంచి చూస్తూ. మెయిలు వెళ్తే ఆమె పేరు బయటికొస్తుంది, ఎవరో పిలుస్తారు, వెళ్తుంది. తను ఇన్నాళ్లూ బస్సులో చెప్పిన గట్టిది ఒక్కటి, ఇదే. నేను నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడమే నాకు రాని పని.

సారు ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లాను. "సార్, మనం చెప్పకపోయినా ఇంకెవడో కనిపెడతాడండీ. విజయవాడవాడు కనిపెట్టాడనుకోండి. ఖమ్మంవాడు కనిపెట్టాడనుకోండి. వాడి పేరు, వాడి ఊరు ప్రపంచమంతా చదువుతారు. మనం ముందే పట్టుకుని కూడా గుమ్మడికాయకి పసుపు రాసుకుంటూ కూర్చున్నామని ఎవరికీ తెలీదు."

సారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "ఊరి పేరు వేస్తారా?"

"అడిగితే వేస్తారేమోనండీ."

"నందిగామ అని?"

"నందిగామ అని."

సారు ఆమెని పిలిచారు. "పంపమ్మా. రాహుకాలం అయ్యాక పంపు."

పంపే ముందు రుజువు కావాలి. ఆదివారం ముగ్గురం ఆఫీసుకి వచ్చాం. ఖాళీగా ఉన్న ఒక పాత మిషను మీద అదే స్విచ్చిని ఎక్కించి, కాటా ప్రోగ్రాము లేకుండా ఆ చెడ్డ ముక్కని ఒక్కదాన్నే పంపే చిన్న ప్రోగ్రాము ఆమె రాసింది. నేను టీలు తెచ్చాను. మొదటిసారి పడలేదు. రెండోసారీ పడలేదు. ఆమె మొహం పాలిపోయింది. మధ్యాహ్నం దాకా కూర్చుంది. తన కొత్త ప్రోగ్రాము చక్కగా, మర్యాదగా పొడవులు సరిచేసి పంపుతోందని అప్పుడు తెలిసింది. "మరీ పద్ధతిగా రాసారండీ. కొంచెం గుమాస్తాగారిలా ఆలోచించండి" అన్నాను. సరిచేయడం ఆపేసి మళ్లీ పంపింది. మిషను నోరు పడిపోయింది. ముగ్గురం చప్పట్లు కొట్టాం. సారు దేవుడి పటానికి దణ్ణం పెట్టుకున్నారు. ఒక మిషను చచ్చిందని దణ్ణం పెట్టుకున్న ఆఫీసు మాదొక్కటే అయ్యుంటుంది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, "ఇంక చాలు" అంది. మెయిలు తనే రాసింది. నీ పేరు కూడా పెట్టనా అని అడిగింది. "టీలు తెచ్చినవాళ్ల పేర్లు వేయరండీ" అన్నాను.

జవాబు త్వరగానే వచ్చింది. ఎంతో మర్యాదగా ఉంది. నిజమే, లోపమే, బాగుచేస్తున్నామన్నారు. కొన్ని వారాలకి కొత్త స్విచ్చి ఇచ్చారు, మేమూ మార్చుకున్నాం. లోపం గురించి ప్రపంచానికి చెప్పే ప్రకటనలో కింద, కనిపెట్టింది ఎవరో రాశారు. ఆమె పేరు ఉంది. పక్కన ఇండియా అని ఉంది.

సారు కళ్లజోడు పెట్టుకుని మూడుసార్లు చదివారు. "నందిగామ ఏదమ్మా?"

"పంపానండీ. వాళ్లు వేయలేదు."

"పిన్‌కోడుతో పంపావా?"

అనుకున్నట్టే పిలుపు వచ్చింది. బెంగళూరు నుంచి, అలాంటి సాఫ్ట్‌వేరు రాసే చోటు నుంచే. ఆమె వెళ్లాక మా గది ఎక్కువ కాలం నడవలేదు. ఏ లోపమూ లేకుండానే, మెల్లగా, ఒక్కొక్క కస్టమరు హైదరాబాదు వైపు జరిగిపోయాడు. సారు మళ్లీ పప్పుల్లోకి వెళ్లారు, నేను సిమెంటులోకి వచ్చాను. ఎప్పుడైనా కనబడితే ఇద్దరం ఆమె గురించే మాట్లాడుకుంటాం. ఆయన పైకి చెబుతారు, నేను చెప్పను, అంతే తేడా.

పిలుపు వచ్చిన సాయంత్రం బస్సులో ఆమె ఇంకా జవాబు రాయలేదు. ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది.

"ఒకటి అడుగుతా. జోకెయ్యకుండా చెప్పు. వెళ్లనా?"

ఆ క్షణంలో నాకు కనీసం నాలుగు జోకులు తట్టాయి. అందులో ఒకటి చాలా బాగుంది. ఇప్పటికీ ఎక్కడా వాడలేదు.

"వెళ్లండి" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "అంతేనా?"

"అంతేనండీ."

"ఇంకేమన్నా అంటావనుకున్నా."

"జోకెయ్యొద్దన్నారుగా."

చిన్నగా నవ్వింది. ఫోనులో రెండు లైన్లు రాసి పంపేసి, కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. కాసేపటికి నిజంగానే నిద్రపోయింది. ఇన్నాళ్ల తర్వాత నిశ్చింతగా నిద్రపోతున్న మనిషి పక్కన కదలకుండా కూర్చున్నాను. బస్టాండు రాగానే లేపాల్సింది నేనే. చిల్లకల్లు దగ్గర బస్సు హైవే వదిలి పేట వైపు తిరిగింది. ఆ రోడ్డు మీద సిమెంటు లారీలు అడ్డంపడి బస్సు ఆగిపోని రోజు ఉండదు. ఒక్కోసారి ఇంజను ఆపేసి డ్రైవరు కూడా దిగిపోతాడు. ఎంతసేపు ఆపితే అంతసేపు ఆపమని మొక్కుకుని, మెడ చాచి ముందుకి చూశాను. ఒక్క లారీ లేదు. రోడ్డు ఊరిదాకా ఖాళీగా ఉంది.